దిద్దే చేతికి చెప్పే మాట

తమిళంలో సూళై అంటే ఇటుకలు, కుండలు కాల్చే ఆవం. చెన్నైలో వేపేరికి ఆనుకొని ఉన్న ఒక పేటకు ఆ పేరు నిలిచిపోయింది. తెలుగులో దాన్ని కొందరు చూలై అనీ, కొందరు చూళై అనీ రాస్తారు. తమిళ మూలంలో ఉన్నది ళకారం. మన రాతలో లకారం కూడా స్థిరపడింది. ఈ రెండింటిలో ఏది ఒప్పు అని అడిగితే భాషాశాస్త్ర విద్యార్థి వెంటనే జవాబు చెప్పకూడదు. ఎవరు పలికారు, ఎవరు రాశారు, ఏ అవసరానికి రాశారు అని ముందు విచారించాలి. ఈ వ్యాసం అలాంటి చిన్న ప్రశ్న దగ్గరే మొదలైంది.

మా పీఠం విద్యార్థులు కొందరు చూలైలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల మాటలు సేకరిస్తున్నారు. ఒక్కొక్క మాటకు ఒక వరుస చొప్పున సాదా టెక్స్టు ఫైలులో ఎక్కిస్తున్నారు. మాట, అర్థం, అది వచ్చిన వాక్యం, పలికినవారి వయస్సు, సేకరించిన తేదీ అనేవి అందులోని గడులు. టైపు చేసేటప్పుడు ఒత్తులు జారిపోవడం, ఒక అక్షరం రెండుసార్లు పడడం మామూలే. వాటిని సరిచేయడానికి ఫైలును కృత్రిమ మేధతో పనిచేసే ఒక ఏజెంటుకు అప్పగించాం. మేము దానికి చెప్పింది ఒకే వాక్యం: ఈ ఫైలులో అక్షరదోషాలు దిద్దు.

నిమిషాల్లో దిద్దింది. టైపు తప్పులు పోయాయి. వాటితో పాటు మరికొన్ని కూడా పోయాయి. ఒక పెద్దావిడ చెప్పిన 'బిడ్డ ఇంట్లోనే ఉండాది' అనే వాక్యం 'బిడ్డ ఇంట్లోనే ఉంది' అయింది. 'వచ్చినాడు' అన్నచోట 'వచ్చాడు' వచ్చింది. చూళై అని ఉన్న ప్రతిచోటా చూలై అయింది. ఏ వరుసలో ఏది మారిందో అది చెప్పలేదు, చెప్పమని మేము అడగనూ లేదు.

పాత ప్రతి ఒక విద్యార్థి దగ్గర మిగిలి ఉండబట్టి బయటపడ్డాం. ఆ పెద్దావిడ తన గొంతు రికార్డు చేయడానికి ఒప్పుకోలేదు. ఎదురుగా కూర్చుని రాసుకొన్నదే ఆధారం. ఆమె ఇప్పుడు లేరు. ఆ ప్రతి కూడా పోయి ఉంటే ఆమె 'ఉండాది' అన్నదనడానికి సాక్ష్యం ఏదీ మిగిలేది కాదు. పైగా ఆమె 'ఉంది' అన్నట్టు ఒక దొంగ సాక్ష్యం మా పీఠం పేరుతోనే మిగిలేది.

ఇందులో తప్పు ఏజెంటుది మాత్రమే కాదు. పని చెప్పవలసిన రీతిలో మేము చెప్పలేదు. ఒక పనిముట్టును ఎలా వాడాలి, ఎక్కడ వాడకూడదు, వాడితే ఏం జరుగుతుంది అని రాసిపెట్టే వివరణను కంప్యూటరు రంగంలో డాక్యుమెంటేషన్ అంటారు. ఫైళ్లను దిద్దే పనిముట్టుకు మా అవసరం మేరకు అలాంటి వివరణ రాసుకొందామని కూర్చున్నప్పుడు, ఈ పని కంప్యూటరుతో పుట్టింది కాదని అర్థమైంది. ఇంకొకరి చేత పాఠాన్ని దిద్దించవలసి వచ్చిన ప్రతి కాలంలోనూ, దిద్దే చేతికి ఏం చెప్పాలి అనే ప్రశ్న ఉంది. ఆ చరిత్రను విద్యార్థుల ముందు పెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం.

వ్రాయసకాడి విన్నపం

తాళపత్ర గ్రంథాలు చూసినవారికి ఒక విషయం తెలిసే ఉంటుంది. గ్రంథం పూర్తయ్యాక చివరి ఆకు మీద వ్రాయసకాడు తన పేరూ, సంవత్సరమూ, తిథీ వేసుకొని ఒకటి రెండు మాటలు విన్నవించుకొంటాడు. ఇవి తరచు దేశమంతటా వాడుకలో ఉన్న సంస్కృత శ్లోకాల రూపంలో ఉంటాయి. వాటి సారాంశం రెండు రకాలు. నా చేతి వల్ల జరిగిన అపరాధాన్ని పెద్దలు మన్నించాలి అన్నది ఒకటి. మాతృకలో ఎట్లా చూశానో అట్లాగే రాశాను, అది తప్పయినా ఒప్పయినా దోషం నాది కాదు అన్నది రెండోది.

ఈ రెండు మాటలూ ఒకటి కావు. మొదటిది చేయి తప్పు చేయవచ్చునని ఒప్పుకొంటుంది. రెండోది చేయి తన సొంతంగా ఏమీ కలపలేదని హామీ ఇస్తుంది. తరువాతి కాలంలో ఆ గ్రంథాన్ని పరిష్కరించేవారికి రెండో హామీ ఎక్కువ పనికి వస్తుంది. మాతృకలోని తప్పును కూడా ఉన్నది ఉన్నట్టు దింపినవాడు మనకు ఒక జాడ మిగులుస్తాడు. తాళపత్రాల్లో పదాల మధ్య ఖాళీ ఉండదు. ప, వ లాంటి అక్షరాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. అందువల్ల పడిన తప్పు చూడగానే అర్థం చెడుతుంది, చదివేవాడు అక్కడ ఆగుతాడు. నాలుగు ముక్కలు చదువుకొన్న వ్రాయసకాడు తనకు తెలియని మాటను తెలిసిన మాటగా మార్చి రాస్తే మాత్రం అక్కడ ఎవరూ ఆగరు. వాక్యం చక్కగా కుదురుతుంది, తప్పు కనపడదు. రెండు పాఠాలు ఎదురైనప్పుడు కష్టంగా ఉన్నదాన్ని తొందరపడి తోసివేయకూడదని పాశ్చాత్య పాఠవిమర్శకులు సూత్రం చేసింది ఇందుకే.

మా ఏజెంటు ఈ చదువుకొన్న వ్రాయసకాడి కోవకు చెందింది. ఇలాంటి నమూనాలు నేర్చుకొన్న తెలుగులో పత్రికల తెలుగు, పుస్తకాల తెలుగు పాలే ఎక్కువ. అది చదవని రూపం కంటపడితే చదివిన రూపం వైపు లాగడం దానికి సహజం. వద్దని చెప్పవలసినవాళ్లం మనం.

వేపేరి అచ్చు, బ్రౌను పద్ధతి

చూలై నుంచి నడిచి వెళ్లగల దూరంలోనే వేపేరి చర్చి వీధి ఉంది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో ఆ వీధిలోని క్రిస్టియన్ నాలెడ్జ్ సొసైటీ ముద్రణాలయంలో అచ్చయింది. వేపేరికి అచ్చుతో సంబంధం అంతకు చాలా ముందు నుంచే ఉంది. 1761లో పాండిచ్చేరిలో ఫ్రెంచివారి నుంచి ఇంగ్లీషువారు పట్టుకొన్న అచ్చుయంత్రం వేపేరి మిషన్‌కు చేరింది. 1779లో ఫెబ్రీషియస్ తమిళ-ఇంగ్లీషు నిఘంటువు అక్కడే వెలువడింది.

బ్రౌను 1817లో మద్రాసుకు వచ్చి ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలలో తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 1820లో కడపకు వెళ్లాడు. తెలుగు కావ్యాల ప్రతులు ఎక్కడెక్కడి నుంచో తెప్పించి, పండితులనూ వ్రాయసకాళ్లనూ సొంత ఖర్చుతో నియమించుకొని, ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు సరిపోల్పించి, పాఠభేదాలు గుర్తించి, శుద్ధప్రతి తయారుచేయించడం ఆయన పద్ధతి. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆయన దగ్గర పనిచేశారు. వేమన పద్యాలను 1829లో 693, తిరిగి 1839లో 1164 ప్రకటించాడు.

మన ప్రశ్నకు సంబంధించినంతవరకు బ్రౌను ఉదాహరణలో గమనించవలసినవి రెండు ఉన్నాయి. మొదటిది, దిద్దేది పండితుల చేయి, దిద్దించేది బ్రౌను. పండితుల అభిరుచి వ్యాకరణానికి కట్టుబడిన గ్రాంథికం వైపు. బ్రౌనుకు జనం నోట ఉన్న మాట కూడా కావాలి. ఆయన నిఘంటువులో వ్యవహారంలోని మాటలు చోటు చేసుకొన్నాయంటే, ఆ చేతుల మొగ్గు తెలిసి దానికి ఎదురు నిలబడి పని చేయించడం వల్లనే. రెండోది, పరిష్కరించిన ప్రతి సిద్ధమైందని మూలప్రతులను ఆయన పారవేయలేదు. ఆయన సేకరించిన గ్రంథాలు చివరికి మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. బ్రౌను ఎంపికతో మనకు ఏకీభావం లేకపోతే ఇవాళ కూడా వెళ్లి ఆ ప్రతులు చూడవచ్చు. దిద్దడం నేరం కాదు. దిద్దకముందు ఏముందో చూసే దారి మూసివేయడమే నేరం.

పుట, పంక్తి, తప్పు, ఒప్పు

తాటాకు మీద అక్షరం జారిపోతే దాన్ని ఎక్కడ చేర్చుకోవాలో చూపడానికి హంసపాదు వేసేవారు. అచ్చు వచ్చాక ఆ గుర్తు ప్రూఫుల అంచుకు చేరింది. ప్రూఫు దిద్దేవాడు ఒక చోట, అక్షరాలు కూర్చే కంపోజిటరు మరొక చోట ఉంటారు. ఇద్దరి మధ్యా మాటలకు అవకాశం తక్కువ. కాబట్టి ఏ వరుసలో, ఏ అక్షరం దగ్గర, ఏం తీసి ఏం పెట్టాలో గుర్తుల్లోనే తెలియాలి. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి ముద్రణాలయం మొదలుకొని ఎన్నో అచ్చుకూటాల్లో తెలుగు గ్రంథాలు ఈ రకం దిద్దుబాట్ల మీదనే బయటికి వచ్చాయి.

అచ్చయిపోయాక కంటపడిన తప్పులకు పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక చేర్చేవారు. పాత పుస్తకం ఏదైనా తీసి చూడండి. అందులో నాలుగు నిలువు వరుసలుంటాయి: పుట, పంక్తి, తప్పు, ఒప్పు. ఈ నాలుగింటిలో ఏది లోపించినా దిద్దుబాటు జరగదు. పుట, పంక్తి లేకుండా తప్పు ఒక్కటే ఇస్తే అది ఎక్కడుందో వెతకలేం. తప్పు ఇవ్వకుండా పంక్తి ఒక్కటే ఇస్తే ఆ పంక్తిలో ఏ మాటను మార్చాలో తెలియదు. అదే పంక్తిలో ఆ మాట రెండుసార్లు ఉంటే పక్కమాటను కూడా కలిపి ఇవ్వాలి. ఈ పట్టికలో ఇంకొక గుణం ఉంది. అది తప్పును చెరిపివేయదు. తప్పూ ఒప్పూ పక్కపక్కన నిలబడి ఉంటాయి, పాఠకుడు తన కలంతో దిద్దుకొంటాడు, లేదా దిద్దుకోడు.

ఈ నాలుగు నిలువు వరుసలను గుర్తుంచుకోండి. ఏజెంట్లు నేడు వాడే పనిముట్టు దాదాపు ఇదే.

ఈ-డీ నుంచి ప్యాచ్ దాకా

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థామ్సన్ యూనిక్స్ వ్యవస్థకు ఈ-డీ అనే ఎడిటరు రాశాడు. అప్పట్లో వాడేవారి ముందు తెర లేదు. కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైపు ఉండేది. ఫైలు మొత్తాన్ని కళ్లముందు పెట్టుకొని దిద్దే వీలు లేదు. అందుకని ఫలానా వరుసలో ఫలానా మాట తీసి ఫలానా మాట పెట్టు అని ఆజ్ఞ ఇవ్వాలి. వరుస సంఖ్య, పాతది, కొత్తది: తప్పొప్పుల పట్టికే ఆజ్ఞ రూపం దాల్చింది. ఆజ్ఞ తప్పయితే ఈ-డీ ఇచ్చే జవాబు ఒక్క ప్రశ్నార్థకం. ఎందుకు తప్పో చెప్పదు. 1971 నవంబరు 3 తేదీతో వెలువడిన యూనిక్స్ మొదటి మాన్యువల్ పక్కన ఉన్నవాడికి, పక్క గదిలో దాన్ని తయారుచేసినవాడు కూడా ఉన్నవాడికి ఆ ప్రశ్నార్థకం చాలు.

ఆ తరువాత 1970ల్లో డిఫ్ వచ్చింది. రెండు ప్రతులు ఇస్తే ఏ వరుసలు తేడాగా ఉన్నాయో చూపడం దాని పని. పండితులు రెండు తాళపత్రాలు ఎదురెదురుగా పెట్టుకొని చేసినది ఇదే. 1985లో లారీ వాల్ ప్యాచ్ అనే పనిముట్టు రాశాడు. ఆయన భాషాశాస్త్రం చదివినవాడు. డిఫ్ ఇచ్చిన తేడాల పట్టికను తీసుకొని, దూరంగా ఉన్న మరొకరి ప్రతిలో ప్యాచ్ ఆ మార్పులు చేస్తుంది. అవతలి ప్రతిలో వరుసల సంఖ్య కొంచెం జరిగి ఉన్నా, మార్చవలసిన వరుసకు పైనా కిందా ఉన్న వరుసలను బట్టి చోటు గుర్తుపడుతుంది. గుర్తుపట్టలేకపోతే ఆ మార్పును బలవంతంగా రుద్దదు, తిరస్కరించిన వాటిని వేరే ఫైలులో రాసిపెడుతుంది. కుదరనప్పుడు ఊహించకుండా కుదరలేదని చెప్పే పద్ధతి దిద్దుబాటు చరిత్రలో చిన్న విషయం కాదు.

చదివేది యంత్రమైనప్పుడు

ఇంతవరకు మాన్యువల్ చదివేవాడు మనిషి. అతనికి ఒక వాక్యం అర్థం కాకపోతే పక్కవాణ్ణి అడుగుతాడు, రెండుసార్లు పొరబడి మూడోసారి నేర్చుకొంటాడు. ఏజెంటు సంగతి వేరు. ఏజెంటు అంటే భాషా నమూనాకు కొన్ని పనిముట్లు చేతికిచ్చి, ఒక పని పూర్తయ్యేదాకా తానే నిర్ణయాలు తీసుకొంటూ నడిచేటట్టు చేసిన ఏర్పాటు. ఆ పనిముట్టు గురించి దానికి తెలిసింది చాలావరకు మనం రాసి ఇచ్చిన వివరణే. ఆ వివరణలో ప్రతి వాక్యమూ దాని నడవడిక అవుతుంది. రాయనిది దాని ఇష్టానికి వదిలినట్టే.

2024లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్వీ-ఏజెంట్ అనే వ్యవస్థను ప్రకటించారు. మనుషుల కోసం చేసిన పనిముట్లను యథాతథంగా ఇవ్వడం కంటే, ఏజెంటుకు తగినట్టు పనిముట్టును, దాని జవాబులను మలిస్తే పని మెరుగుపడుతుందని అందులో చూపారు. వారి ఏర్పాటులో ఫైలును ఒకసారికి 100 వరుసల చొప్పున చూపుతారు. మార్పు వల్ల ప్రోగ్రాము వ్యాకరణం చెడితే ఆ మార్పును ఒప్పుకోక, ఎందుకు ఒప్పుకోలేదో చెబుతారు. ఈ-డీ ప్రశ్నార్థకం నుంచి ఇక్కడికి ఎంత దూరం వచ్చామో చూడండి.

అదే సంవత్సరం అక్టోబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన టెక్స్టు ఎడిటరు పనిముట్టులో అయిదు ఆజ్ఞలున్నాయి. ఫైలును చూడడం, కొత్త ఫైలు సృష్టించడం, ఒక పాఠాన్ని తీసి మరొకటి పెట్టడం, ఫలానా వరుస తరువాత చేర్చడం, చివరి మార్పును వెనక్కి తీసుకోవడం. వీటిలో మూడోది ముఖ్యం. దానికి ఫైలు దారి, పాత పాఠం, కొత్త పాఠం ఇవ్వాలి. పాత పాఠం ఫైలులో ఉన్నది ఉన్నట్టు, ఖాళీలతో సహా సరిపోవాలి. అది ఫైలు మొత్తంలో ఒక్కచోట మాత్రమే ఉండాలి. దొరక్కపోయినా, ఒకటికంటే ఎక్కువచోట్ల దొరికినా ఏ మార్పూ జరగదు, ఏజెంటుకు ఆ మాట చెబుతుంది. వెనక్కి తీసుకొనే ఆజ్ఞను 2025లో వచ్చిన రూపంలో తీసివేశారు. కాబట్టి మూలప్రతిని విడిగా దాచుకోవడం వాడేవారి బాధ్యతే అయింది. బ్రౌను చేసినది మనమూ చేయాలన్నమాట.

తెలుగు అక్షరంతో వచ్చే చిక్కు

'ఉన్నది ఉన్నట్టు సరిపోవాలి' అనే నియమం ఇంగ్లీషు ఫైలులో సులువు. తెలుగు ఫైలులో దీని వెనుక కొంత వ్యాకరణం ఉంది. వివరణ రాసేవాళ్లు సాధారణంగా దాన్ని చెప్పరు.

చూలై అనే పేరునే తీసుకొందాం. మన లెక్కలో అది రెండు అక్షరాలు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పు నుంచి తెలుగుకు స్థానం ఉంది. ఆ లెక్కలో ఇది నాలుగు సంకేతాలు: చకారం, ఊత్వం, లకారం, ఐత్వం. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఫైలులోకి ఎక్కినప్పుడు ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకొంటుంది, కాబట్టి మొత్తం 12 బైట్లు. ఈ యూటీఎఫ్-8ను 1992లో రూపొందించినవారిలో ఒకరు, ఈ-డీ రాసిన కెన్ థామ్సనే. రెండోవారు రాబ్ పైక్.

ఇప్పుడు చిక్కు వినండి. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా దాచవచ్చు. ఒకే సంకేతంగా దాచవచ్చు. లేదా పైన ఎత్వం, కింద ఐత్వపు ముక్క అని రెండు సంకేతాలుగా దాచవచ్చు. రెండో విధంగా అయితే చూలై అయిదు సంకేతాలు, 15 బైట్లు. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి. యూనికోడ్ ప్రమాణం రెండూ సమానమే అంటుంది. బైట్లను పోల్చి చూసే పనిముట్టు మాత్రం రెండూ వేరంటుంది. చెన్నై అన్న మాటకూ ఇదే గతి. మామూలు కీబోర్డుల నుంచి మొదటి రూపమే వస్తుంది. కొన్ని వ్యవస్థల గుండా ఫైలు ప్రయాణం చేసినప్పుడు రెండో రూపం వచ్చి చేరుతుంది.

మరొకటి పొల్లు తరువాత వచ్చే కనపడని గుర్తు. మార్కెట్ వంటి మాట చివర పొల్లు పక్క అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపడానికి కొన్ని కీబోర్డులు ఒక అదృశ్య సంకేతాన్ని చేర్చుతాయి. మాట చివర అది ఉన్నా లేకపోయినా కంటికి తేడా తెలియదు. ఏజెంటు అది లేకుండా పాత పాఠం ఇస్తే, కళ్లముందు ఉన్న మాటనే పనిముట్టు దొరకలేదంటుంది. అప్పుడు తోచక ఆ వరుస మొత్తాన్ని మళ్లీ రాసే ప్రమాదం ఉంది. వరుస మొత్తం తిరగరాస్తే 'ఉండాది' మళ్లీ 'ఉంది' కావడానికి తలుపు తెరిచినట్టే. కనపడని ఒక గుర్తు కారణంగా ఒక మాండలిక రూపం పోవచ్చు.

మేము రాసుకొన్న వివరణ

మా ఫైలు కోసం ఏజెంటుకు ఇవ్వడానికి ఒక పుట వివరణ తెలుగులో రాసుకొన్నాం. మొదటి చిత్తులో ఒక విద్యార్థిని 'వాక్యం గడిలోని రూపాలు మార్చనక్కరలేదు' అని రాసింది. మర్యాదగా ఉందని మేమూ ఒప్పుకొన్నాం. పరీక్షకు పెట్టిన ప్రతిలో ఏజెంటు కొన్ని రూపాలు మార్చింది. నిజానికి ఆ వాక్యం దాన్ని ఆపలేదు. 'అక్కరలేదు' అంటే అవసరం లేదని మాత్రమే, చేయరాదని కాదు. మన మాటల్లో సందర్భం, స్వరం ఆ లోటు పూరిస్తాయి. రాసి ఇచ్చిన ఆజ్ఞకు స్వరం లేదు. 'మార్చకూడదు' అని దిద్దాం. చివరికి నిలిచినవి ఇవి:

1. మూలప్రతిని తెరవకూడదు. నకలు మీదనే పని చేయాలి.

2. ముందు చూడాలి. దిద్దవలసిన వరుసనూ, దాని పైనా కిందా ఉన్న వరుసలనూ చదివిన తరువాతే దిద్దాలి. గుర్తున్నదాన్ని బట్టి దిద్దకూడదు.

3. పాత పాఠాన్ని ఫైలులో నుంచి ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి. అది ఒకటికంటే ఎక్కువచోట్ల ఉంటే, ఒక్కచోటికే సరిపోయేదాకా పక్కమాటలు కలపాలి. అన్నిచోట్లా ఒకేసారి మార్చకూడదు.

4. పాత పాఠం దొరక్కపోతే వరుసను తిరగరాయకూడదు. ఐత్వం, పొల్లు ఉన్న మాటలైతే కనపడని తేడా ఉండవచ్చునని గుర్తించి, దొరకలేదని వరుస సంఖ్యతో రాసి ముందుకు వెళ్లాలి.

5. 'వాక్యం' గడిలో ఏదీ మార్చకూడదు. అక్కడ తప్పు అనిపించినది పలికినవారి రూపం కావచ్చు. సందేహాన్ని 'గమనిక' గడిలో రాయాలి.

6. వరుసలు కొత్తగా చేర్చవలసి వస్తే కింది నుంచి పైకి రావాలి. పైన ఒక వరుస చేరిస్తే కింద ఉన్న అన్ని వరుసల సంఖ్యలూ మారిపోతాయి.

7. చేసిన ప్రతి మార్పునూ పట్టికలో రాయాలి: ఫైలు, వరుస, పాతది, కొత్తది, కారణం.

ఏడో నియమం తప్పొప్పుల పట్టికేనని మీరు గుర్తుపట్టే ఉంటారు. దానికి కారణం అనే అయిదో గడి మాత్రం మేము చేర్చింది. కారణం రాయవలసి వచ్చినప్పుడు మనిషైనా యంత్రమైనా కొంత నెమ్మదిస్తాడని మా అనుభవం. ఈ వివరణతో మళ్లీ చేయించినప్పుడు టైపు తప్పులు దిద్దింది, వాక్యాల జోలికి పోలేదు. కొన్ని వరుసల్లో 'పాత పాఠం దొరకలేదు' అని రాసింది. వాటిని మేము చేత్తో చూసుకొన్నాం. చివరన పట్టికనూ, డిఫ్ చూపిన తేడాలనూ పక్కపక్కన పెట్టి సరిచూశాం. తాను రాసిన పట్టికను బట్టి ఏజెంటును నమ్మలేదు, రెండు ప్రతులను పోల్చి నమ్మాం. ఈ చివరి మెట్టు తప్పించుకోవడానికి వీల్లేదు.

విద్యార్థులకు

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంలో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలను, అవి ఏ ప్రాంతంలో వాడుకలో ఉన్నాయో సూచిస్తూ ఇచ్చారు. ఒక చోటి మాట ఇంకొక చోటి మాటకు తప్పురూపం కాదు అనే భావన దాని పునాది. మీలో చాలామంది ఇళ్లలో తెలుగు పాఠ్యపుస్తకాల తెలుగు కాదు. హోసూరులో, బరంపురంలో, ఖరగ్‌పూరులో, చూలైలో పెద్దవాళ్లు మాట్లాడే తెలుగుకు చాలాచోట్ల రాతప్రతి లేదు. దాన్ని మొదటిసారి రాసేది మీరే కావచ్చు. ఆ ఫైలును శుభ్రం చేయడానికి మీకు సహాయపడేది ఇకమీద ఏజెంటే కావచ్చు. దాన్ని వాడవద్దని మేము అనం. మేమూ వాడుతున్నాం. అప్పగించే ముందు ఒక పుట రాసి ఇవ్వండి అంటున్నాం. ఏది తప్పుగా ఎంచాలో, ఏది ముట్టకూడదో, కుదరకపోతే ఏం చేయాలో అందులో ఉండాలి.

వ్రాయసకాడి రెండు విన్నపాల్లో మన కాలానికి రెండూ కావాలి. చూసినది చూసినట్టు ఉంచాననే హామీ ఒకటి. చేయి తప్పితే దొరికేటట్టు జాడ వదిలాననే ఒప్పుకోలు ఇంకొకటి. మా ఫైలులో ఆ పెద్దావిడ వాక్యం ఇప్పుడు మళ్లీ ఆమె అన్నట్టే ఉంది. చూలై, చూళై రెండూ ఎవరు రాసింది వారి వరుసలోనే ఉన్నాయి. ఏది ఒప్పో తేల్చే పని తరువాత చదివేవారిది. వారికి రెండూ అందేటట్టు చూడడమే ప్రస్తుతానికి మన పని.